ఒక బ్యాంకు చోరీ, దాని అంచెలు: సైబర్ మోసాలను ఎక్కడ ఆపవచ్చు?

2022 జనవరిలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడిన నేరగాళ్లు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. పోలీసుల దర్యాప్తులో తేలిన క్రమాన్ని గమనిస్తే ఇందులో అసాధారణమైన నైపుణ్యం కనిపించేది చాలా తక్కువ. చోరీకి దాదాపు రెండు నెలల ముందే బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా నకిలీ మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచిన ఉద్యోగుల కంప్యూటర్లలోకి, దూరం నుంచి యంత్రాన్ని నడిపించగల మాల్వేర్ (హానికర ప్రోగ్రాం) చేరింది. ఆ యంత్రాల్లో టైపు చేసిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు నేరగాళ్లకు చిక్కాయి. డేటాబేస్‌పై సర్వాధికారాలుండే సూపర్ యూజర్ హోదా అవసరానికి మించి ఎక్కువమందికి ఉండటం, బ్యాంకు అంతర్గత నెట్‌వర్క్‌ను వేర్వేరు భాగాలుగా విడదీయకపోవడం వారికి కలిసొచ్చాయి. అదే బ్యాంకులో ముందుగా సిద్ధం చేసుకున్న కొన్ని ఖాతాల్లోకి డబ్బు మళ్లించి, అక్కడి నుంచి ఇతర బ్యాంకుల్లోని వందకు పైగా ఖాతాలకు పంపించి, విడివిడిగా తీసుకున్నారు. సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఈ ఉదంతంలో ముఖ్యంగా గమనించవలసింది పోయిన మొత్తం కాదు, చోరీ జరిగిన తీరు. ఒక మెయిలు, ఒక పాస్‌వర్డ్, ఒక అనవసరమైన అధికారం, కొన్ని అద్దె ఖాతాలు అనే అంచెల మీదుగా అది నడిచింది. వాటిలో ఏ ఒక్క అంచె దగ్గర అడ్డుపడినా డబ్బు బయటికి పోయేది కాదు. మామూలు కుటుంబాలను దెబ్బతీస్తున్న మోసాలు కూడా ఇదే వరుసలో నడుస్తాయి. అయినా ప్రజలకు అందుతున్న హెచ్చరికలు చాలావరకు ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు’ అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ మాట తప్పు కాదు. కానీ అది ఒక అంచెకు మాత్రమే సంబంధించినది, పైగా మోసగాళ్లు దాన్ని ఎప్పుడో దాటిపోయారు.

దాటిపోయిన పద్ధతికి, ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లను చేర్చే ఏపీకే (APK) ఫైళ్లే సాక్ష్యం. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ జాబితా అని, పెళ్లి శుభలేఖ అని, బ్యాంకు కేవైసీ అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. తెలిసినవారి నంబరు నుంచే వస్తుంది కూడా, ఎందుకంటే వారి ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతికి చిక్కి ఉంటుంది. ఫైలు నొక్కితే ఫొటో తెరుచుకోదు, ఒక యాప్ ఫోన్‌లోకి చేరుతుంది. ఎస్ఎంఎస్‌లు చదవడానికి, తెరపై కనిపించేదంతా చూసి తానే మీటలు నొక్కడానికి వీలిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతిని అది అడుగుతుంది. యాప్‌లు అడిగే ప్రతిదానికీ ‘అనుమతించు’ అని నొక్కడం అలవాటైపోయిన చేతులు ఇక్కడా అదే చేస్తాయి. ఆ తర్వాత బ్యాంకు పంపే ఓటీపీ యజమాని చదివేలోపే మోసగాడికి చేరుతుంది. బాధితులు ఎవరికీ ఓటీపీ చెప్పలేదని ప్రమాణం చేసి చెబుతారు. వారు చెబుతున్నది నిజమే. అందుకే బాధితుడి అజాగ్రత్త అని కేసును తేలిగ్గా కొట్టిపారేయడం అన్యాయమవుతుంది.

ఈ అంచె దగ్గర పనికొచ్చే జాగ్రత్త ఫోన్ సెట్టింగ్‌లలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలియని మూలాల నుంచి యాప్‌లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఒక్కో యాప్‌కు విడివిడిగా ఉంటుంది. వాట్సాప్‌కు, బ్రౌజరుకు, ఫైల్ మేనేజరుకు ఆ అనుమతి తీసివేసి ఉంచితే పొరపాటున ఫైలు నొక్కినా అది వెంటనే లోపలికి రాలేదు. యాక్సెసిబిలిటీ జాబితాలో తాము పెట్టుకోని యాప్ పేరు ఏదైనా కనిపిస్తే అది ప్రమాద సూచన. అనుమానాస్పద యాప్ ఇప్పటికే చేరిపోయిందని తెలిస్తే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపివేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను స్తంభింపజేయాలి. ఆ తర్వాతే ఫోన్‌లోని సమస్తాన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ గురించి ఆలోచించాలి. పోలీసులకు ఆధారంగా ఉపయోగపడే సందేశాలను, ఫైలు వచ్చిన నంబరును ముందుగా మరో ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది. తెర పంచుకునే యాప్‌ల సంగతి కూడా ఇంతే. బ్యాంకు సిబ్బంది ఎవరూ ఖాతాదారుడి తెర చూడాలని అడగరు.

యూపీఐ మోసాల్లో మూల సూత్రం ఒకటుంది: డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. పాత సామాను అమ్ముతామని ప్రకటన ఇచ్చినవారికి ‘డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి’ అంటూ వచ్చిన అభ్యర్థనలు ఎన్నో ఖాతాలను ఖాళీ చేశాయి. వ్యక్తుల మధ్య ఇలా డబ్బు అడిగే ‘కలెక్ట్’ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిర్ణయించింది. మోసానికి దారితీసే మీటనే తొలగించడం ఎన్ని ప్రచార ప్రకటనల కన్నా మేలు. అయితే క్యూఆర్ కోడ్ చూపించి స్కాన్ చేయమనే పద్ధతి అలాగే ఉంది కనుక పిన్ గురించిన సూత్రం అందరికీ తెలిసి ఉండాలి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతికి ఫోన్ చేయడం మరో ప్రమాదం. అక్కడ నకిలీ నంబర్లు చేరుతుంటాయి. కార్డు వెనుక, పాస్‌బుక్‌పై ముద్రించిన నంబరునే నమ్మాలి. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ముగింపుకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించడం, ఆర్థిక సంస్థల సేవా కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లను కేటాయించడం కూడా అసలు ఏదో నకిలీ ఏదో పోల్చుకోవడానికే.

పాస్‌వర్డ్‌ల విషయంలో చాలామంది దృష్టి చిత్రమైన గుర్తులు, పెద్ద అక్షరాలు కలపడం మీదే ఉంటుంది. అసలు ప్రమాదం ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల వాడటంలో ఉంది. ఎక్కడో ఒక చిన్న షాపింగ్ వెబ్‌సైటు డేటా బయటికి పొక్కితే, ఆ మెయిలు, పాస్‌వర్డ్ జంటలను ప్రోగ్రాముల సాయంతో వందలాది ఇతర సైట్లలో ప్రయత్నించి చూస్తారు. కనుక కనీసం మెయిలుకు, బ్యాంకుకు వేరెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్‌లు ఉండాలి. మెయిలును ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది: మిగతా ఖాతాలన్నింటి పాస్‌వర్డ్ మార్పిడి లింకులు అక్కడికే వస్తాయి. మెయిలు పోయిందంటే మిగతావన్నీ పోయినట్టే. మెయిలుకు పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ, వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఆ రెండో అంచె చాలాసార్లు ఎస్ఎంఎస్‌గానే వస్తుంది కాబట్టి సిమ్ కార్డు కూడా కాపాడుకోవలసిన వస్తువే. నకిలీ గుర్తింపు పత్రాలతో మన నంబరు మీద కొత్త సిమ్ తీసుకుంటే మన ఫోన్‌లో సిగ్నల్ హఠాత్తుగా పోతుంది, ఓటీపీలు అటు వెళ్తాయి. గంటల తరబడి సిగ్నల్ లేకపోతే టవర్ సమస్యలే అని సరిపెట్టుకోకుండా ఆపరేటర్‌ను, బ్యాంకును వెంటనే సంప్రదించాలి. సిమ్ మార్చిన తర్వాత 7 రోజుల వరకు ఆ నంబరును వేరే కంపెనీకి మార్చుకునే వీలు లేకుండా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులై 1 నుంచి నిబంధన అమలు చేస్తోంది. మన పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో టెలికాం శాఖ నడుపుతున్న సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుని, మనవి కాని వాటిపై అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఏడాదికి రెండుమూడు సార్లయినా ఆ జాబితా చూడటం అవసరం.

తెలంగాణలో 2018లో వెలుగుచూసిన ఒక కేసు మరో బలహీనతను బయటపెట్టింది. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల ప్రతులు వెబ్‌సైటులో అందుబాటులో ఉండేవి. వాటిపై ఆధార్ నంబర్లు, వేలిముద్రలు స్పష్టంగా కనిపించేవి. పెద్దపల్లి ప్రాంతంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి ఆ ముద్రల నుంచి రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్లు తయారుచేసి వాటితో సిమ్‌లను యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత దేశంలో పలుచోట్ల ఇదే పద్ధతిని ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థపై ప్రయోగించారు. పల్లెల్లో బ్యాంకు మిత్రల దగ్గర డబ్బు తీసుకోవడానికి ఎంతో ఉపయోగపడే ఈ వ్యవస్థలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ గానీ పిన్ గానీ అక్కర్లేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర పోతే మార్చుకోలేం. నకిలీ వేలిని పసిగట్టే రెండంచెల పరీక్షను ఆధార్ సంస్థ 2023లో ప్రవేశపెట్టింది. ఖాతాదారుడి చేతిలో ఉన్న ఉపాయం మాత్రం బయోమెట్రిక్ లాక్. ఆధార్ సంస్థ యాప్‌లో గానీ, ఆధార్ వెబ్‌సైటులో గానీ వేలిముద్రలకు తాళం వేసి, అవసరమైనప్పుడు కొద్దిసేపు తెరుచుకోవచ్చు. ఉపాధి కూలీ, పింఛన్ల కోసం నెలనెలా వేలిముద్ర వేయవలసిన వృద్ధులకు ఇది కొంత ఇబ్బందే. పింఛనుదారుల కన్నా, ఎప్పుడో ఒకసారి భూమి రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆధార్ చెల్లింపులు అసలు వాడని పట్టణ కుటుంబాలు ఈ తాళం వేసుకోవడం తేలిక, అవసరం కూడా.

ఇంతవరకు చెప్పిన మోసాల్లో యంత్రం ఏదో ఒక పాత్ర పోషిస్తుంది. ‘డిజిటల్ అరెస్టు’లో అదీ ఉండదు, భయం ఒక్కటే పనిచేస్తుంది. మీ పేరుతో వెళ్తున్న కొరియర్ పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయని, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో మనీలాండరింగ్ జరిగిందని ఫోన్ వస్తుంది. ఆ తర్వాత వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో ఒకరు, సీబీఐ అధికారినంటూ మరొకరు, ఒక్కోసారి న్యాయమూర్తి వేషంలో ఇంకొకరు ప్రత్యక్షమవుతారు. కాల్ కట్ చేయకూడదని, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని, చెబితే వారిని కూడా అరెస్టు చేస్తామని బెదిరిస్తారు. డబ్బు ‘పరిశీలన’ కోసమేనని, విచారణ ముగిశాక తిరిగి ఇస్తామని చెప్పి ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేయించి మరీ బదిలీ చేయిస్తారు. బాధితుల్లో విశ్రాంత ఉద్యోగులు, వైద్యులు, ఆచార్యులు ఎందరో ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులు ఈ ఉచ్చుకు తేలిగ్గా చిక్కుతున్నారు. చదువు లేక మోసపోయారనడానికి వీల్లేదు. జీవితమంతా చట్టాన్ని గౌరవించి బతికినవారికి పోలీసు అనే మాట వినగానే కలిగే కంగారే ఇక్కడ పెట్టుబడి.

చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ప్రధాని నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 27 నాటి మన్‌కీ బాత్‌లో ఈ సంగతి స్పష్టంగా చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని సూచించారు. నిందితులు హాజరు కావాలని పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో డిజిటల్ అరెస్టు మోసాలపై తనంతట తానుగా విచారణ చేపట్టింది. ఏ దర్యాప్తు సంస్థా వీడియో కాల్‌లో విచారణ జరిపి డబ్బు బదిలీ చేయమనదు. ఇవన్నీ తెలిసినా, ఆ క్షణంలో గుర్తుకు రావడం కష్టం. మోసగాళ్లు మొదట చేసే పని మనిషిని ఒంటరిని చేయడం కాబట్టి, ఆ ఒంటరితనాన్ని ముందే తప్పించే ఏర్పాటు కుటుంబంలో ఉండాలి. ఎవరు ఎంత భయపెట్టినా ఫలానా వ్యక్తికి చెప్పకుండా లక్ష రూపాయలకు మించి బదిలీ చేయకూడదన్న ఒప్పందం తల్లిదండ్రులు, పిల్లల మధ్య ప్రశాంతంగా ఉన్నప్పుడే కుదరాలి. కాల్ వచ్చిన నంబరుకే తిరిగి చేసి నిజమా కాదా అని అడగడం ధ్రువీకరణ కాదు. దగ్గరలోని పోలీస్ స్టేషనుకు స్వయంగా వెళ్లడం, లేదా వేరే ఫోన్ నుంచి అడగడం ధ్రువీకరణ అవుతుంది. హైదరాబాద్‌లో పెద్ద మొత్తం బదిలీకి కంగారుగా వచ్చిన వృద్ధులను బ్యాంకు సిబ్బంది కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగి కాపాడిన సందర్భాలున్నాయి. ఆ రెండు ప్రశ్నలు అడగడం ప్రతి శాఖలోనూ విధిగా మారాలి.

ఆసుపత్రులు, కార్యాలయాలు, దుకాణాల విషయానికొస్తే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పెద్ద ముప్పు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకింది. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది. అంటే అప్‌డేట్‌ను వాయిదా వేసినవారే ఎక్కువగా నష్టపోయారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాంటి దాడికే గురై, రోజుల తరబడి రోగుల నమోదు కాగితాల మీద సాగింది. దీనికి మందు రెండు ముక్కల్లో చెప్పవచ్చు: అప్‌డేట్లు వాయిదా వేయకపోవడం, ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని కంప్యూటరుకు నిత్యం తగిలించి ఉంచని డిస్కులో భద్రపరచడం. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా మాల్వేర్ తాళం వేస్తుంది.

మోసాల్లో అన్నింటికన్నా తక్కువ చర్చకు వచ్చేది చివరి అంచె. ఎంత తెలివైన మోసగాడైనా దోచిన డబ్బును తన సొంత ఖాతాలో వేసుకోడు. దానికి వేరేవారి ఖాతాలు కావాలి. నెలకు ఇంత అని చెప్పి, లేదా బదిలీ అయిన మొత్తంలో వాటా ఇస్తామని చెప్పి విద్యార్థుల నుంచి, చిరు వ్యాపారుల నుంచి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి తీసుకుంటారు. పోలీసులు వీటిని మ్యూల్ ఖాతాలంటున్నారు. ఖాతా అద్దెకిచ్చినవారు తమకు ఏమీ తెలియదని చెప్పినా కేసులో నిందితులవుతారు, వారి ఇతర ఖాతాలు కూడా స్తంభిస్తాయి. మహేశ్ బ్యాంకు కేసులో కూడా ఇలాంటి ఖాతాలు లేకపోతే 12 కోట్లు ఎటూ కదిలేవి కావు. ఇలాంటి ఖాతాలను లావాదేవీల తీరును బట్టి పసిగట్టే మ్యూల్‌హంటర్ అనే కృత్రిమ మేధ సాధనాన్ని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో ప్రకటించింది. చిన్న సహకార బ్యాంకులకు కూడా అది త్వరగా చేరాలి.

ఈ మోసాల వరుసలో మరో రకం బాధితులు కూడా ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి ఏజెంట్ల ద్వారా కంబోడియా వెళ్లిన విశాఖపట్నం ప్రాంత యువకులను అక్కడ నిర్బంధించి, భారతీయులనే ఫోన్లలో మోసం చేసే పనిలో పెట్టిన వైనం 2024 మేలో బయటపడింది. విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు, ఎందరో తిరిగి వచ్చారు. తెలుగులో చక్కగా మాట్లాడుతూ ఫోన్ చేసే గొంతు వెనుక ఒక్కోసారి అలాంటి బందీ ఉండవచ్చు. విదేశీ ఉద్యోగమన్న ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ–మైగ్రేట్ పోర్టల్‌లో చూడటం, టూరిస్టు వీసాపై ఉద్యోగానికి వెళ్లకపోవడం సైబర్ భద్రతలో భాగమే.

డబ్బు పోయిందని తెలిసిన తర్వాత సమయమే అన్నింటికన్నా విలువైనది. దోచిన మొత్తం ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో మారుతుంది కాబట్టి, జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే ఆ వరుసలో ఎక్కడో ఒకచోట దాన్ని ఆపే అవకాశముంటుంది. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి. సిగ్గుతోనో, ఇంట్లో కోప్పడతారనో ఒక రాత్రి ఆగినవారి డబ్బు తెల్లారేసరికి చేతులు మారిపోతుంది. కనుక ఇంట్లోవారు బాధితుడిని నిలదీయడం మాని ముందు ఫోన్ కలపాలి.

బ్యాంకుకు కూడా విడిగా, రాతపూర్వకంగా చెప్పాలి. ఖాతాదారుడి ప్రమేయం లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన అనధికార లావాదేవీని, దాని గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పని దినాల్లోపు తెలియజేస్తే నష్టం ఖాతాదారుడిది కాదని 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. 4 నుంచి 7 పని దినాల్లో తెలియజేస్తే ఖాతా రకాన్ని బట్టి బాధ్యతకు పరిమితి ఉంటుంది. తప్పు ఖాతాదారుడిదేనని నిరూపించవలసిన భారం బ్యాంకు మీదే ఉంది. అయితే వివరాలు తానే చెప్పినట్టు తేలితే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు జరిగిన నష్టాన్ని ఖాతాదారుడే భరించాలి. తెలియజేసిన తర్వాత పోయినదానికి బ్యాంకుదే బాధ్యత. భయపెట్టి బదిలీ చేయించిన డిజిటల్ అరెస్టు వంటి మోసాలకు ఈ సర్క్యులర్ దాదాపు రక్షణ ఇవ్వదు. నేడు అతి పెద్ద నష్టాలు జరుగుతున్నది అక్కడే కాబట్టి ఈ లోటును పూడ్చడం అత్యవసరం.

స్తంభింపజేసిన డబ్బు దానంతట అది తిరిగి రాదు, చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో న్యాయ సేవల సంస్థతో కలిసి 2024లో లోక్ అదాలత్‌ల ద్వారా ఈ సొమ్మును బాధితులకు ఇప్పించడం మొదలుపెట్టింది. న్యాయవాదికి ఫీజు కట్టలేక కొన్ని వేల రూపాయలను వదులుకునేవారికి ఇది నిజమైన ఊరట. ఫిర్యాదు చేసి ఊరుకున్నవారు తమ ఫిర్యాదు సంఖ్యతో పోలీస్ స్టేషనుకు వెళ్లి, ఏ బ్యాంకులో ఎంత మొత్తం ఆగి ఉందో అడిగి, రాబోయే లోక్ అదాలత్ జాబితాలో తమ కేసు చేర్చమని కోరవచ్చు.